లేత్ మీద పెన్నులు తీయడానికి రెజిన్ బ్లాంకులా, యాక్రిలిక్ కడ్డీలా? ఇంకు పెన్నుకి ఏది నిలుస్తుంది?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):

అందరికీ నమస్కారం. గుంటూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. బాల్కనీలో చిన్న చెక్క లేత్ పెట్టుకుని టేకు, నల్లమద్ది, చింతచేవ ముక్కలతో కిట్ బాల్‌పెన్నులు (ఇత్తడి గొట్టం, మిగతా విడిభాగాలు రెడీమేడ్‌గా వచ్చేవి) చేస్తుంటాను. చెక్క పని చేతికి వచ్చింది. ఇప్పుడు రంగుల బ్లాంకుల దగ్గరే, అంటే పెన్ను తీసే ప్లాస్టిక్ ముక్కల దగ్గరే, అయోమయంగా ఉంది.

నా దగ్గర మూడు రకాల ముక్కలున్నాయి. అన్నీ ముప్పావు అంగుళం చదరం, అయిదంగుళాల పొడవు. ఒకటి యాక్రిలిక్ అని రాసి వచ్చింది. రెండోదాని మీద రెజిన్ అని తప్ప ఇంకేమీ లేదు. నీలంలో ముత్యపు జీర, చూడటానికి చాలా బాగుంటుంది. ఇక మూడోది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ పెళ్లి దండల్ని రెజిన్‌లో పోసి ఫ్రేములు చేసిస్తుంటారు. ఆవిడ దగ్గర మిగిలిన రెజిన్‌లో మైకా పొడి కలిపి నాకోసం పోసిచ్చారు.

మూడూ లేత్ మీద మూడు రకాలుగా నడిచాయి. యాక్రిలిక్ నుంచి తెగని పోగులు వచ్చి మాండ్రెల్‌కి, అంటే ముక్కను పట్టి తిప్పే కడ్డీకి, చుట్టుకున్నాయి కానీ పని సాఫీగా సాగింది. నీలం రెజిన్ నుంచి తెల్లటి పొడి, సన్న రవ్వలు రాలాయి. బుష్ సైజుకి, అంటే కొలత చూపే చివరి రింగు సైజుకి, ఇంకా కాస్త ఉందనగా చివర పెచ్చు లేచి లోపలి ఇత్తడి గొట్టం బయటపడింది. టూల్ అదే, స్పీడూ అదే. దండల రెజిన్ మొదట బాగానే తెగింది, కాసేపటికి టూల్‌కి అంటుకోవడం మొదలుపెట్టింది. వాటర్ పేపర్ వేస్తే కాగితం నిండిపోతోంది తప్ప మెరుపు రావడం లేదు.

ఇక అసలు అడగాలనుకున్నది. మా అమ్మాయి ఇంటర్‌లో చేరింది. తన రాతంతా ఇంకు పెన్నుతోనే. కిట్ లేకుండా, ఇత్తడి గొట్టం లేకుండా, మరలు కూడా ఆ ముక్కలోనే తీసి తనకి ఒక ఇంకు పెన్ను చేసివ్వాలని ఉంది. దానికి ఏ బ్లాంకు తీసుకోవాలి? ఇంట్లోనే పోసుకుంటే చవక అంటున్నారు. కానీ మాది మూడో అంతస్తు ఫ్లాట్, వాసన వస్తే పక్కవాళ్లకి ఇబ్బంది. పైగా మే నెలలో మన ఊరి ఎండ సంగతి తెలిసిందే, పెన్ను ఒక్కోసారి స్కూటీ డిక్కీలోనే ఉండిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


ఆటోనగర్ టర్నర్ (విజయవాడ):

మాస్టారూ, నమస్తే. ఆటోనగర్‌లో మాది లేత్ షెడ్డు. పగలంతా లారీల బుష్‌లు, పిన్నులు, షాఫ్ట్‌లు. సాయంత్రం పని తగ్గాక పెన్నులు. మీరు రాసిన లక్షణాలు చదవగానే మూడూ ఏమిటో తెలిసిపోయాయి. మొదటిది నిజంగా యాక్రిలిక్కే. రెండోది పాలియెస్టర్. మూడోది ఎపాక్సీ. దండలకి, ఫ్రేములకి, టేబుల్ పైపూతలకి వాడేది ఎక్కువగా అదే.

రెజిన్ అని అమ్మేవాటిలో పాలియెస్టర్, ఎపాక్సీ, పాలీయూరేథేన్ ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి. ఒకదానికి పనికొచ్చే పద్ధతి ఇంకోదానికి పనికిరాదు. అందుకని కొనేముందు ఏ రెజిన్ అని అడగండి. అమ్మేవాడు చెప్పలేకపోతే ఒక్క ముక్క మాత్రం కొని, చివర కాస్త తీసి తురుము చూడండి. పోగుగా వస్తే ఒక దారి, పొడిగా రాలితే ఇంకో దారి. ఇంకా అనుమానం ఉంటే పారేసే ముక్క మీద ఒక చుక్క అసిటోన్ వేసి, కాసేపాగి పుల్లతో గీకండి. యాక్రిలిక్ అయితే పైపొర జిగురెక్కి గీత పడుతుంది. బాగా ఆరిన పాలియెస్టర్, ఎపాక్సీ అంత తొందరగా లొంగవు. తయారైన పెన్ను మీద మాత్రం ఈ పరీక్ష వద్దు.

ముందు మీ నీలం ముక్క సంగతి చూద్దాం. పాలియెస్టర్ గట్టిదే, కానీ పెళుసు. చెక్కకి పట్టే కోణంలో టూల్ పడితే అది కొయ్యదు, పీకుతుంది. టూల్ ముఖం కాస్త కిందికి వంచి, అంటే నెగటివ్ రేక్‌లో, తాకీ తాకనట్టు గీస్తూ రావాలి. గుండ్రటి కార్బైడ్ టిప్ ఉంటే దాన్నీ అలాగే వంచి వాడండి. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీలు) టూల్ అయితే పని మధ్యలో ఒకసారి లేచి సాన పట్టుకు రావాలి. చివరి ఒక మిల్లీమీటరు దగ్గర టూల్ పక్కన పెట్టేసి వాటర్ పేపర్‌తోనే సైజుకి తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. అది నిదానం, కానీ పెచ్చు లేవదు.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మీకు పెచ్చు చివరే లేచింది కాబట్టి నా అనుమానం గ్లూ మీద. గొట్టం దూర్చేటప్పుడు పలచటి సూపర్ గ్లూ మధ్యలోనే పట్టేసి చివర్లకి అందదు. అక్కడ రెజిన్‌కి వెనక దన్ను ఉండదు. చిన్న దెబ్బకే ఊడుతుంది. రెండు భాగాలు కలిపే చిక్కటి గ్లూ గొట్టానికీ పూసి, బెజ్జం లోపలా పూసి, తిప్పుతూ దూర్చండి. పారదర్శకంగా ఉండే బ్లాంకు అయితే అంతకు ముందే బెజ్జం లోపల అదే రంగు పెయింట్ వేసి ఆరనివ్వాలి. లేకపోతే పెన్ను పూర్తయ్యాక ఇత్తడీ గ్లూ మరకలూ బయటికి కనిపిస్తాయి.

డ్రిల్లింగ్ దగ్గర చాలామంది తొందరపడతారు. బిట్ అవతలివైపు బయటికి వచ్చే క్షణంలోనే ముక్క పగులుతుంది. కావలసినదానికన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ పొడవు ఉంచండి. బిట్ బయటికి రాకముందే ఆపేసి, ఆ చివర రంపంతో కోసేయండి. స్పీడు నిమిషానికి 500 చుట్ల దగ్గర చాలు. కొద్దిగా లోపలికి, మళ్లీ బయటికి, ప్రతిసారీ బిట్ గాళ్లలో తురుము దులపాలి. ముక్కను చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉందంటే ఆపి చల్లారనివ్వండి. యాక్రిలిక్ లోపల కరిగిందంటే తురుము బిట్‌కి అతుక్కుని గడ్డకడుతుంది, ఆ తర్వాత బిట్ ఒకచోట, బెజ్జం ఒకచోట.

మూడో ముక్క. ఎపాక్సీ గట్టిపడ్డాక కూడా వేడి తగిలితే మెత్తబడుతుంది. దండల ఫ్రేములకీ టేబుళ్లకీ వాడే రకాలు చాలావరకు 50 డిగ్రీల చుట్టుపక్కలే సడలడం మొదలవుతాయి. వాటర్ పేపర్ రాపిడికి ఆ వేడి క్షణాల్లో వస్తుంది. అప్పుడు పాకంలా సాగి కాగితాన్ని పట్టేస్తుంది. తడి కాగితం, తక్కువ స్పీడు, మధ్యమధ్యలో విరామం ఇస్తే మెరుపు వస్తుంది. కానీ పెళ్లి దండని గోడకి కాపాడటం వేరు, రోజూ తిప్పి తెరిచే పెన్ను వేరు. మే నెలలో మూసిన స్కూటీ డిక్కీ లోపల ఎంత వేడి ఉంటుందో మాస్టారికి నేను చెప్పక్కర్లేదు. ఆ వేడికి మరలు సడలితే మళ్లీ బిగవవు. మీ అమ్మాయి పెన్నుకి ఎపాక్సీ వద్దు.

ఇప్పుడు నా మాట. ఎవరడిగినా ఇదే చెబుతాను. ఇత్తడి గొట్టం మీద ఎక్కించే పెన్ను అయితే ఏ బ్లాంకైనా ఫరవాలేదు, బరువంతా గొట్టమే మోస్తుంది. అక్కడ రంగు చూసి కొనుక్కోండి. పాలియెస్టర్‌కి వచ్చే అద్దం మెరుపు వేరేదానికి అంత సులువుగా రాదు. గొట్టం లేని పెన్నుకి మాత్రం మెరుపు చూడకండి, మర చూడండి. నేను కొత్త కడ్డీ కొంటే ముందు దాని చివర ఒక మర తీసి, గోరుతో శిఖల మీద, అంటే మర అంచుల మీద, గీసి చూస్తాను. శిఖ నిలిచిందా, పొడిగా రాలిందా? రాలితే ఎంత అందమైన కడ్డీ అయినా గొట్టం పెన్నుల డబ్బాలోకి పోతుంది.

లెక్క చూడండి. 16 మి.మీ. కడ్డీలో క్యాప్ చేస్తే, లోపల 13 మి.మీ. మర పోగా ఒక్కో పక్క మిగిలే గోడ 1.5 మి.మీ. అంతకన్నా కష్టం సెక్షన్ దగ్గర, అంటే వేళ్లతో పట్టుకునే ముక్క దగ్గర. బాడీలోకి బిగిసే బయటి మర 10 మి.మీ., ఒక మి.మీ. పిచ్ (శిఖకీ శిఖకీ మధ్య దూరం) అనుకుందాం. మర అడుగున మిగిలేది 8.8 మి.మీ. లోపల పాళీ యూనిట్ కోసం, కన్వర్టర్ (ఇంకు పీల్చి నింపుకునే గొట్టం) కోసం బెజ్జం. గోడ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నా దగ్గరికి విరిగి వచ్చే ఇంకు పెన్నులు ఎక్కువగా అక్కడే విరిగి వస్తాయి. అంత పలచటి గోడని పాలియెస్టర్‌లో నిలబెట్టడం నాకు ఇష్టం ఉండదు. పెన్ను ఒక్కసారి నేల మీద పడితే చాలు.

కాబట్టి మీకు కాస్ట్ యాక్రిలిక్ కడ్డీ, లేదా ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు). యాక్రిలిక్‌లో కాస్ట్ అనీ, ఎక్స్‌ట్రూడెడ్ అనీ రెండు రకాలు. కాస్ట్ అంటే అచ్చులో పోసి గట్టిపరిచింది, ఎక్స్‌ట్రూడెడ్ అంటే మిషన్‌లోంచి నెట్టి తీసింది. రెండోది చవక, కానీ త్వరగా కరిగి టూల్‌కి అంటుకుంటుంది, లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. కాస్ట్ యాక్రిలిక్ 100 డిగ్రీలు దాటితే కానీ మెత్తబడదు. డిక్కీ వేడి దానికి లెక్క కాదు. గవర్నరుపేటలో నేమ్‌బోర్డులు చేసే షాపుల దగ్గర మందపాటి షీటు కోతల్లో మిగిలిన ముక్కలుంటాయి. 20 మి.మీ. షీటు ముక్క దొరికితే చదరంగా కోయించుకోండి. తెలుపు, నలుపు, ఎరుపు అలా ఉంటాయి, జీరలుండవు. నేర్చుకోవడానికి అవే మేలు.

వాటికన్నా ముందు మా ఆటోనగర్‌లో నైలాన్, డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) కడ్డీ ముక్క కొని మరలు తీయడం అలవాటు చేసుకోండి. డెల్రిన్ చక్కగా తెగుతుంది, మర గీసినట్టు వస్తుంది. గ్లూ పట్టదు, మెరుపు రాదు, అందుకే పెన్నుకి ఎవరూ పెద్దగా వాడరు. చేతికి కొలత రావడానికి దానికి మించింది లేదు.


నల్లపాడు రోడ్ (గుంటూరు):

మాస్టారూ, మాది ఫైబర్ పని, తలుపులు, ట్యాంకులు, బస్సుల ముందుభాగాలు. పాలియెస్టర్ డ్రమ్ములతోనే బతుకుతున్నాం. ఆటోనగర్ అన్న చెప్పినదానికి నేను కలిపేది ఇంట్లో పోసుకునే విషయం గురించే. ఫ్లాట్ బాల్కనీలో పాలియెస్టర్ పోయకండి. ఖచ్చితంగా వద్దు.

ఆ ఘాటు వాసన స్టైరీన్‌ది. పోసిన రోజే కాదు, తర్వాత కూడా వస్తూనే ఉంటుంది, మీరు లేత్ మీద కోసినప్పుడు మళ్లీ లేస్తుంది. తల పోటు, కళ్ల మంట. దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ ఎంఈకేపీ, అంటే మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయనివ్వను మా కుర్రాళ్లని. ఇంకోటి కోబాల్ట్, ఊదా రంగు యాక్సిలరేటర్. షాపులో రెండు చిన్న సీసాలూ పక్కపక్కనే పెట్టి ఇస్తారు. ఈ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే పేలుడే. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిసిపోవాలి, ఆ తర్వాతే హార్డ్‌నర్. రెండింటికీ ఒకే కొలత చెంచా వాడకూడదు. హార్డ్‌నర్ తుడిచిన గుడ్డ మూలన పడేస్తే అదే అంటుకోవచ్చు, నీళ్లలో తడిపి పారేయాలి. ఇవన్నీ షాపువాడు చెప్పడు, అందుకే ఇంత రాస్తున్నాను.

షెడ్డు ఉన్నవాళ్లకైతే కొలత 100 గ్రాముల రెజిన్‌కి 1 నుంచి 2 గ్రాముల హార్డ్‌నర్. ఎండాకాలం తొందరగా గడ్డకడుతుంది కదా అని ఒక గ్రాము కన్నా తగ్గిస్తే లోపల సరిగ్గా ఆరదు, ఎప్పటికీ మెత్తమెత్తగానే ఉంటుంది. తగ్గించడం కాదు, తెల్లవారుజామున పోయాలి. అచ్చుకి సైజు ఎక్కువ పెట్టుకోవాలి, ఆరేటప్పుడు అయిదు నుంచి ఎనిమిది శాతం దాకా కుంచించుకుపోతుంది. ఫైబర్ షాపుల్లో దొరికే మామూలు జీపీ (జనరల్ పర్పస్) రెజిన్‌కి గులాబీ ఛాయ ఉంటుంది, తెల్లటి బ్లాంకు రాదు. క్లియర్ కాస్టింగ్ గ్రేడ్ అని అడగాలి. పోసిన మర్నాడే లేత్ ఎక్కించకండి. వాసన బాగా తగ్గేదాకా ఆగండి.

పాలీయూరేథేన్ బ్లాంకుల గురించి అన్న రాయలేదు. అవి పాలియెస్టర్ అంత పెళుసు కావు, మరకి బాగానే నిలుస్తాయి. రెడీమేడ్‌గా దొరికితే తీసుకోవచ్చు. ఇంట్లో పోయడం మాత్రం మన గాలిలో కష్టం. తేమ తగిలిందంటే లోపల బుడగలు పుట్టి నురగ అవుతుంది. ఆగస్టులో కృష్ణా గాలి ఎలా ఉంటుందో తెలుసుగా. బుడగ అణగాలంటే 40 నుంచి 60 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) గాలి ఒత్తిడిలో ఆరబెట్టాలి.


బ్రాడీపేట మాస్టారు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. ఇంట్లో పోసే ఆలోచన మానేశాను. నిజానికి పాత ప్రెషర్ కుక్కర్‌కి కంప్రెషర్ పైపు బిగించి వీడియోల్లో చూపిస్తుంటే అదే చేద్దామనుకున్నాను. అది సురక్షితమేనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

కాస్ట్ యాక్రిలిక్ తీసుకుందామనే ఉంది. ఎబొనైట్ గురించి కాస్త చెప్పగలరా? మా నాన్నగారి దగ్గర ఉండేది, పచ్చగా మారిపోయి ఉండేది. మరలకి ఏ ట్యాప్ (లోపలి మర తీసేది), ఏ డై (బయటి మర తీసేది) కొనాలి? అతకడానికి, తుడవడానికి ఏం వాడొచ్చు?


నల్లపాడు రోడ్:

కుక్కర్ వద్దే వద్దు. కుక్కర్ విజిల్ వేసేది 15 పీఎస్ఐ దగ్గర. దాన్ని తయారుచేసింది ఆ ఒత్తిడికే. మీకు కావలసింది దానికి మూడు నాలుగు రెట్లు. మూత లేచిందంటే అది బాంబే. స్ప్రే పెయింటింగ్ వాళ్ల ప్రెషర్ ట్యాంకు ఉంటుంది, గేజీ, సేఫ్టీ వాల్వు ఉన్నది. పోసేవాళ్లు దాన్నే మార్చుకుని వాడతారు. దాని మీద రాసిన పరిమితి దాటకూడదు.


సత్యనారాయణపురం సిరా (విజయవాడ):

మాస్టారుగారూ, నమస్కారం. నేను లేత్ పట్టినదాన్ని కాదు. తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. వ్యాసాలు, మార్కులు, ఉత్తరాలు, అన్నీ ఇంకు పెన్నులతోనే రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను. ఎబొనైట్ అడిగారు కాబట్టి రాసే చెయ్యి ఏం చెబుతుందో నేను చెప్పగలను.

ఎబొనైట్ రబ్బరే. రబ్బరుకి 30, 40 శాతం దాకా గంధకం కలిపి ఉడికిస్తే గట్టిపడి అలా అవుతుంది. మన గోదావరి వాళ్లకి ఇది కొత్త కాదు. రాజమండ్రిలో రత్నం గారు 1930ల్లో చేతి పెన్నులు మొదలుపెట్టారు. స్వదేశీ పెన్ను అందుకున్న గాంధీగారు 1935లో ఆయనకి ఉత్తరం రాశారు. రాజమండ్రి ఎబొనైట్ పెన్ను నా బల్ల మీద ఇప్పుడూ ఉంది. యాక్రిలిక్ వేలికి చల్లగా, జారుగా తగులుతుంది. ఎబొనైట్ వెచ్చగా ఉంటుంది. ఉక్కపోతలో చెమట చేత్తో మూడు గంటలు పేపర్లు దిద్దితే ఆ తేడా అర్థమవుతుంది. మీ అమ్మాయి రేపు మూడు గంటల పరీక్ష రాయాలి కదా, వేళ్లు పట్టుకునే ముక్క గురించి మీరు రంగు కన్నా ఎక్కువ ఆలోచించాలని నా కోరిక.

లోపాలూ ఉన్నాయి. మీ నాన్నగారి పెన్ను పచ్చబడింది అన్నారే, అది ఎండా నీళ్లూ చేసిన పని. నల్ల ఎబొనైట్ వెలుతురులో, తడిలో ఉంటే పైపొర పాలిపోయి ఆకుపచ్చ, గోధుమ మధ్య రంగుకి తిరుగుతుంది. కిటికీ దగ్గర స్టాండులో పెట్టకూడదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టకూడదు. వేడినీళ్లలో అసలే కడగకూడదు, మెత్తబడి వంగుతుంది. నాలుక, అంటే పాళీ కింద ఉండే ఫీడు, పాళీకి అతికేలా సెట్ చేసేది ఆ గుణంతోనే. వెండి క్లిప్పు పెట్టించుకుంటే గంధకానికి నల్లబడుతుంది. పాలిపోయినదాన్ని సన్న కాగితంతో రుద్ది బఫ్ పట్టిస్తే మళ్లీ నలుపు తేలుతుంది, కాకపోతే చెక్కిన అక్షరాలుంటే అరిగిపోతాయి.

యాక్రిలిక్‌ని తక్కువ చేయడం లేదు. 1941లో వచ్చిన పార్కర్ 51 బాడీ యాక్రిలిక్కే, అప్పట్లో లూసైట్ అనేవారు. వాళ్ల కొత్త ఇంకు ఘాటుకి తట్టుకుంటుందనే దాన్ని తీసుకున్నారు. ఆనాటి పెన్నులు ఈనాటికీ రాస్తున్నాయి. ఒక్క మాట, లేతరంగు బ్లాంకు తీసుకుంటే ఎర్ర ఇంకు, ఊదా ఇంకు పోయనివ్వకండి. మరల గాళ్లలో ఇరుక్కున్న రంగు బ్రష్‌తో తోమినా పోదు. విద్యార్థుల పెన్నుకి ముదురు రంగే మంచిది.

పాత సెల్యులాయిడ్ కడ్డీలు ఎవరైనా చూపిస్తే, అందంగా ఉన్నాయని కొనకండి నాయనా. నిప్పు అంటుకుంటే ఆరదు. లేత్ మీద తురుము కుప్పగా పడేచోట, ఫ్లాట్‌లో, అది వద్దు.


ఆటోనగర్ టర్నర్:

అమ్మా, చక్కగా చెప్పారు. మాస్టారూ, అమ్మ చెప్పినదాన్ని బట్టి నా సలహా మారుస్తున్నాను. బాడీ, క్యాప్ కాస్ట్ యాక్రిలిక్‌లో చేయండి. సెక్షన్ ఒక్కటీ ఎబొనైట్‌లో చేయండి. వేలికి వెచ్చగా ఉంటుంది, ఆ పలచటి గోడ దగ్గర పెళుసుదనం కూడా తక్కువ. ఎబొనైట్ కోస్తుంటే గంధకం వాసన వస్తుంది, మాస్కు పెట్టుకోండి, తురుము అక్కడికక్కడే ఊడ్చేయండి. సెక్షన్ క్యాప్ లోపల దాగి ఉంటుంది కాబట్టి ఎండ తగలదు, రంగు కూడా చాలాకాలం నిలుస్తుంది.

ట్యాప్, డై సంగతి. మూడు చోట్ల మరలు కావాలి. పాళీ యూనిట్‌కి ఒకటి. జర్మనీ జోవో ఆరో నంబరు యూనిట్ తీసుకుంటే 7.4 మి.మీ., అర మి.మీ. పిచ్. మామూలు హార్డ్‌వేర్ షాపులో ఈ సైజు ఉండదు, పెన్ను తయారీ సామాన్లు అమ్మేవాళ్ల దగ్గరే తెప్పించుకోవాలి. సెక్షన్‌కీ బాడీకీ మధ్య 10 మి.మీ., ఒక మి.మీ. పిచ్. ఇది ఫైన్ థ్రెడ్, మామూలు 10 మి.మీ. బోల్టుది 1.5 పిచ్, అది తెచ్చుకోకండి. మూడోది క్యాప్. ఇక్కడే ఖర్చు. మామూలు ఒక మి.మీ. పిచ్ మర 6 మి.మీ. లోతు తీస్తే క్యాప్ తెరవడానికి ఆరు చుట్లు తిప్పాలి. క్లాసులో పిల్ల ఆరు చుట్లు తిప్పుతూ కూర్చుంటుందా? అందుకే 13 మి.మీ., 0.8 పిచ్, మూడు మొదళ్ల మర, అంటే మూడు మరలు పక్కపక్కనే కలిసి సాగేది, వాడతారు. ఒక్క చుట్టుకి 2.4 మి.మీ. కదులుతుంది, రెండున్నర చుట్లలో క్యాప్ చేతిలోకి వస్తుంది. ఆ ట్యాప్, డై జత ఖరీదైనదే. కానీ ఒకసారి కొంటే జీవితాంతం ఉంటుంది, ఇనుము మీద వాడనంతవరకు.

మర తీసేటప్పుడు సబ్బునీళ్లు రాస్తూ ఉండండి. లేత్ ఆన్ చేయకండి, చక్‌ని, అంటే ముక్కను పట్టుకునే భాగాన్ని, చేత్తో తిప్పండి. డైని లేత్ అవతలి చివర ఉండే టెయిల్ స్టాక్‌లో పెడితేనే నిటారుగా వస్తుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. ముక్క చివర ముందే కొద్దిగా ఏటవాలుగా తీసి ఉంచితే డై పట్టుకునేటప్పుడు మొదటి శిఖ విరగదు. మీ చెక్క లేత్ మీద ఇదంతా అవుతుంది, పెద్ద మిషన్ అక్కర్లేదు.

తుడవడానికి ఏం వాడాలన్నారు. యాక్రిలిక్‌ని స్పిరిట్‌తో తుడవకండి, శానిటైజర్ చేతులతో కూడా అప్పుడే పట్టుకోకండి. డ్రిల్ చేసి మరలు తీసిన యాక్రిలిక్ లోపల ఒత్తిడి దాగి ఉంటుంది. ఆల్కహాల్ తగలగానే వెంట్రుకవాసి బీటలు వస్తాయి. నా దగ్గరికి వచ్చిన ఒక ఎర్ర క్యాప్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే మరల దగ్గరినుంచి పైకి సన్నటి గీతలు పాకి ఉన్నాయి. బయట వేలికి తెలియవు, లోపల మాత్రం వరసగా ఉన్నాయి. వాడినవాళ్లు రోజూ శానిటైజర్ గుడ్డతో తుడిచారట. సబ్బునీళ్లూ మెత్తటి గుడ్డా చాలు. ఖరీదైన కడ్డీ అయితే డ్రిల్ చేశాక 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, ఓవెన్‌లోనే నిదానంగా చల్లారనిస్తారు, ఆ ఒత్తిడి పోవడానికి. వంట ఓవెన్ల వేడి కొలత నమ్మడానికి లేదు, వేరే థర్మామీటరు పెట్టి చూసుకోండి, 100 దగ్గరికి పోతే పెన్ను ఆకారం పోతుంది.

అతకడం అంటారా, నేమ్‌బోర్డు షాపులవాళ్లు యాక్రిలిక్‌ని క్లోరోఫాంతో అతుకుతారు. అతుకు కనపడనంత బాగా వస్తుంది. కానీ మీ పెన్నులో అతుకే లేకుండా చేయొచ్చు. క్యాప్ పైభాగం మూసి ఉండేలా కడ్డీని ఒక పక్కనుంచే డ్రిల్ చేయండి. బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, చివర 5 మి.మీ. గట్టిగా మిగలాలి. బిట్ కొన శంకువు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ కొన పొడవు కూడా లెక్కలో వేసుకోవాలి.

మెరుపుకి 400 తడి కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000, 1500, 2000 వరకు వెళ్లండి. ఒక్కో నంబరు మారినప్పుడు లేత్ ఆపి, నిలువుగా రుద్ది, అడ్డగీతలు పోయాయో లేదో చూడండి. ఒక నంబరు ఎగ్గొడితే ఆ గీత చివరిదాకా కనిపిస్తుంది. ఆ తర్వాత బఫ్, ప్లాస్టిక్ పాలిష్. మరల మీద కాగితం వేయకండి, శిఖలు గుండ్రబడి క్యాప్ వదులవుతుంది.

ఆదివారం పొద్దున షెడ్డులోనే ఉంటాను. గుంటూరు నుంచి గంట ప్రయాణం. కడ్డీ కొనేముందు రండి, డెల్రిన్ ముక్కలు నా దగ్గరున్నాయి, ట్యాప్‌లు కూడా. రెండు మరలు ఇక్కడే తీసి చూసుకుని, ఆ తర్వాత మీకు ఏది కావాలో కొనుక్కుందురుగాని. మీ అమ్మాయిని కూడా తీసుకురండి. తను పెన్ను ఎక్కడ పట్టుకుంటుందో, ఎంత లావు పట్టుకుంటుందో కొలిచి సెక్షన్ తీద్దాం.


బ్రాడీపేట మాస్టారు:

తప్పకుండా వస్తాం అన్నా. తను పాళీకి బాగా దగ్గరగా పట్టుకుంటుంది, సెక్షన్ కాస్త పొట్టిగా, లావుగా కావాలేమో. ఇప్పుడు రాస్తున్న పెన్ను తెమ్మంటాను, దాని మీద కొలుద్దాం.